కింది దవడ అచ్చు

నాలుగింటికి మొదలైన ఏడుపు నాలుగూ ఇరవైకి కూడా ఆగలేదు, ఆగుతుందన్న ఆశ అతనికీ లేదు, ముందు గదిలోంచి వెనక గదిలోకి, వెనక గదిలోంచి ముందు గదిలోకి, మధ్యలో గడప దగ్గర ఒకసారి కాలు ఎత్తి వెయ్యడం, మళ్ళీ తిరగడం, భుజం మీద ఇరవై నెలల పిడుగు. పేరు వేరే ఉంది గానీ పుట్టిన మూడో రోజు నుంచీ వీడు పిడుగే. చొక్కా భుజం చొంగతో తడిసి చల్లగా ఒంటికి అంటుకుపోయింది, ఇవాళ్టికి ఇది నాలుగోది, ఇంక బీరువాలో పెళ్ళినాటి పట్టు చొక్కా ఒక్కటే మిగిలింది, అదీ తడుపుతాడు వీడు, తడపనీ, ఆ పెళ్ళికొడుకు ఎప్పుడో పోయాడు. "ఏం లేదు నాన్నా, ఏం లేదు, ఏం లేదు" అని అతని నోరు దానంతట అది అంటూనే ఉంది, నెల రోజులుగా ఇంట్లో అందరూ అనేది అదే, ఆ మాటకి అర్థం పోయి చాలా రోజులైంది, ఏం లేకపోతే వీడెందుకు ఇలా వెనక్కి విల్లులా విరుచుకుపోతున్నాడో ఎవరూ చెప్పరు. కిటికీ అవతల మూడో అంతస్తు ఆవిడ ఆరేసిన దుప్పట్లు తీస్తోంది, ఏడుపు విని ఒకసారి ఇటు చూసి, జాలిపడాలో విసుక్కోవాలో తేల్చుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆమెని తప్పుపట్టడానికి లేదు.

నెలంటే ముప్పై రోజులని చెప్పేవాళ్ళ ఇంట్లో పళ్ళొచ్చే పిల్లాడు లేడని అర్థం. మొదట కుడి బుగ్గ ఎర్రబడింది, తర్వాత చొంగ, తర్వాత ఒళ్ళు కాస్త వెచ్చబడటం, తర్వాత ఇది, ఈ గోల, పొద్దున లేస్తూనే మొదలై కాసేపు ఆగి అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ. అందరికీ అన్నీ తెలుసు. చల్లటి చెంచా పెట్టమని కింద వాటాలో దర్జీ, తడిగుడ్డ నమలనివ్వమని ఇంకొకరు, ఏమీ చెయ్యొద్దని వదినగారు. "పళ్ళే కదా మరిదీ, మా ముగ్గురికీ వచ్చాయి, ఎవరూ చావలేదు" అని ఫోన్లో నవ్వింది. ఆవిడ నవ్వు సంగతి సరే. పిల్లల డాక్టరు మాత్రం వాడి నోట్లో చెక్క పుల్ల పెట్టి, వాడు దాన్ని రెండు ముక్కలు చేసేలోపు చూడగలిగినంత చూసి, "కుడి వైపు దవడ పన్ను వస్తోంది, అంతే" అన్నాడు. రబ్బరు ఉంగరం చూసినా అంతే, వీడు దాన్ని కుడి వైపే కొరికి కొరికి పీచు చేశాడు. అందుకని రోజుకు నాలుగుసార్లు ఇద్దరూ కలిసి పట్టుకుని కుడి వైపు చిగురుకి మందు రాస్తున్నారు. తొమ్మిది రోజులుగా పాలు తప్ప గొంతు దిగలేదు. అరటిపండు ఉమ్మేశాడు, పాలలో నానిన రొట్టె ఉమ్మేశాడు, ఉడికించిన బంగాళాదుంప అయితే వాళ్ళమ్మ మొహం మీదే ఉమ్మేశాడు. నిన్న తూకం వేస్తే ముప్పావు కిలో తగ్గాడు. ఇంకో రోజు చూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, మత్తు ఇచ్చి నోరు తెరిచి చూస్తారు అని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ ఇంకో రోజు ఇవాళ.

పిడుగు వాళ్ళమ్మ పొద్దున పోస్టాఫీసులో డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది, సంచి ఒక భుజం మీద, వాడి చొంగ ఇంకో భుజం మీద. "సాయంత్రం నేనొచ్చేలోపు వాడి నోరు చూడండి" అంది. అతను చూస్తానన్నాడు. "నెల నుంచీ చూస్తాననే అంటున్నారు. పట్టుకోమంటే పట్టుకుంటారు, ఎత్తుకోమంటే ఎత్తుకుంటారు, నోరు తెరిచేసరికి మొహం తిప్పేసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా పళ్ళతోనే బతుకుతున్నారు, మీరు చూడకపోతే ఇంకెవరు చూస్తారండీ? రేపు వీడికి మత్తు సూది వేస్తుంటే పక్కన నిలబడి చూస్తారా?" అతను వాణ్ణి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఆమె కోపంగా లేదు, అదే అతనికి భయం. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

పళ్ళాయన అంటారు అతన్ని, వీధి మొత్తం. పళ్ళాయన కొడుక్కి పళ్ళు రావడానికి పళ్ళాయన ప్రాణం మీదికొచ్చిందని ఈమధ్య ఒక జోకు కూడా తిరుగుతోంది, బాగానే ఉంది, అతనూ నవ్వాడు. కానీ ఆ జనానికి తెలియనిది ఏమిటంటే అతను నోళ్ళు చూడడు. నోళ్ళు పళ్ళ డాక్టరువి. డాక్టరు మెత్తటి ముద్ద పెట్టి నోటి కొలత తీసి పంపిస్తాడు, అతను దాంట్లో ప్లాస్టరు పోసి అచ్చు తీస్తాడు, అచ్చు మీద మైనం, మైనంలో పళ్ళు ఒక్కొక్కటీ, తర్వాత మైనం కరిగించి ఆ చోట గులాబీ రంగు చిగురు పోసి ఉడికిస్తాడు. చివర్లో అచ్చు పగలగొడతాడు. అచ్చు పగలకుండా పళ్ళ సెట్టు బయటికి రాదు. మనిషి మాత్రం అతని చేతికి ఎప్పుడూ రాడు. ప్లాస్టరు దవడకి నాలుక ఉండదు, తడి ఉండదు, నొప్పి అసలే ఉండదు, ఎంత నొక్కినా నొక్కించుకుంటుంది. ఇరవై రెండేళ్ళలో అతను వేలు పెట్టింది ఒకే ఒక్క మనిషి నోట్లో. నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి అని అతని గురించి పళ్ళ డాక్టరు అందరితో చెప్తుంటాడు, మంచివాడని చెప్పడానికే, ఆ మాట వినగానే అతను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాడు.

పిడుగు ఇంకా గట్టిగా అందుకున్నాడు. అతను మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళి ఈసారి అక్కడే ఆగాడు, అదే పని గది, మామూలుగా అయితే అరల్లో వరసగా కూర్చున్న అచ్చుల్ని చూస్తే వీడు కాసేపు నోరు మూస్తాడు, ఆ తెల్ల దవడలన్నీ తనని చూసి నవ్వుతున్నాయనుకుంటాడు కాబోలు. ఇవాళ అదీ పనిచెయ్యలేదు. మైనం వాసన, ప్లాస్టరు దుమ్ము, కిటికీలోంచి అడ్డంగా పడిన ఎండలో ఆ దుమ్ము తిరగడం, ఒక్కో అచ్చు అడుగున గీకిన నంబరు, ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. వీడు ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో వినిపించింది, టక్. చిన్న చప్పుడు, గ్లాసు అంచుకి పళ్ళ సెట్టు తగిలినట్టు. అతను అటు తిరగలేదు. తిరిగితే అక్కడ ఏమీ ఉండదని తెలుసు, బల్ల ఉంటుంది, దీపం ఉంటుంది, రెండేళ్ళుగా ఇదే, ఇల్లు ఒక్క క్షణం సద్దుమణిగితే చాలు ఆ చప్పుడు అక్కడ వచ్చి కూర్చుంటుంది. మొదట్లో ఎలుక అనుకున్నాడు. ఎలుకల బోను కూడా కొన్నాడు, పాపం ఆ బోనులో ఇప్పటివరకూ రొట్టెముక్క తప్ప ఏదీ పడలేదు.

అమ్మ ఆ చప్పుడు చేసేది. అతని చెప్పుల చప్పుడు మెట్ల మీద వినగానే వంటగదిలో టక్ మనేది, గ్లాసులోంచి సెట్టు తీసి నోట్లో పెట్టుకోవడం అది, అతను లోపలికొచ్చేసరికి అమ్మ నోటి నిండా పళ్ళతో నవ్వుతూ ఉండేది. కొడుకు చేసిన పళ్ళు. వచ్చిన ప్రతి మనిషికీ చూపించేది, చివరికి గ్యాసు బండ తెచ్చినతనికి కూడా, మావాడు చేశాడు అని. భోజనానికి అందరితో పాటు కూర్చునేది, ఆకలి లేదని రెండు ముద్దలకే లేచిపోయేది. ఒకసారి అతను మధ్యలో ఇంటికొస్తే వంటగదిలో గోడ వైపు తిరిగి నిలబడి, పాలలో రొట్టె నానబెట్టుకుని, ఒట్టి చిగుళ్ళతో, ఆత్రంగా, గిన్నె అడుగు దాకా తింటోంది. "దొంగతిళ్ళా అమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు, నవ్వుతూ, వేళాకోళంగా, తలుపుకి ఆనుకుని. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. ఆ కొంగు వెనక ఏముందో అతను చూడలేదు. ఆ రోజు తిరిగొస్తే ఇంకేమీ అక్కర్లేదు, ఆ తలుపు దగ్గర నిలబడి ఆ ఒక్క మాట మింగేస్తాడు, అంతే.

మొదటి నెలలో రెండుసార్లు చెప్పింది, అదీ ఫిర్యాదులా కాదు, తప్పు తనదే అన్నట్టు. పై సెట్టు అతికినట్టు కూర్చుందిరా, కిందది కాస్త ఒరుసుకుంటోంది అంది. అతను సెట్టు తీసి దీపం కింద చూస్తే లోపలి వైపు చిన్న మొటిమంత బొడిపె తగిలింది. అచ్చులో గాలి బుడగ ఉంటేనే అలాంటిది వస్తుంది. దాన్ని అరగదీశాడు, నునుపు చేశాడు, అమ్మ చేతిలో పెట్టాడు. గాలి బుడగ ఉన్న అచ్చుతో తనెప్పుడూ పని చెయ్యడు కదా, మరి ఈ బొడిపె ఎక్కడిది, అని అక్కడ అడగాలి. పని తెలిసిన ఎవడైనా అడుగుతాడు. అతను అడగలేదు. "అలవాటవుతుందమ్మా, నెల రోజులు ఓపిక పట్టు, అందరూ ఇలాగే అంటారు" అన్నాడు. నిజమే, అందరూ ఇలాగే అంటారు, అందరికీ ఇదే జవాబు చెప్పమని డాక్టరుకి నేర్పింది తనే. అమ్మ మూడోసారి చెప్పలేదు. మూడేళ్ళు పంటి బిగువున భరించింది, ఆ పళ్ళు అతను చేసినవే.

అమ్మ పోయిన రోజు పొద్దున బంధువులు వచ్చేలోపు మొహం బాగుండాలి, దవడ జారిపోతుంది, పళ్ళు పెట్టు అని ఎవరో అన్నారు. అది అతని పనే మరి, ఇంకెవరు చేస్తారు. పై సెట్టు పెట్టాడు. కిందది కూర్చోబెట్టడానికి వేలు లోపలికి పెట్టి చిగురు వెంబడి జరిపాడు, అన్నేళ్ళ పనిలో మొదటి నోరు, ఇంకా పూర్తిగా చల్లబడలేదు. వేలికి ముందు పుండు తగిలింది. మానడం, రేగడం, మళ్ళీ మానడం, అలా ఎన్నిసార్లో, అంచులు గట్టిపడి కాయకాసిపోయి ఉంది. దాని పక్కన చిగురు ఒకచోట లోతుగా గుంటపడి ఉంది, పెళ్ళికి ముందే ఆ పన్ను పీకించుకున్నానని అమ్మ ఎప్పుడో చెప్పింది. తను చేసిన సెట్టులో ఆ గుంటకి సరిపడే ఎత్తు లేదు. అతని వేలికి కళ్ళున్నాయి, ఆ వేలు అబద్ధం చెప్పదు. అతను సెట్టు పెట్టకుండానే నోరు మూసి, గడ్డం కింద గుడ్డ కట్టి బయటికొచ్చేశాడు. కంగారులో మర్చిపోయాడనుకున్నారు అందరూ.

పదకొండో రోజున పని గదిలో అరలన్నీ దించాడు. అడుగు అర వెనక, గోడకీ చెక్కకీ మధ్య, నంబరు లేని కింది దవడ అచ్చు ఒకటి దొరికింది. చెక్కు చెదరలేదు. పగలలేదంటే దాని మీద సెట్టు చెయ్యలేదనే. కళ్ళు మూసుకుని వేలు జరిపాడు, గుంట ఉంది. అమ్మ నోరు అది. ఊళ్ళో అందరి అచ్చుల అడుగునా నంబరు గీకుతాడు, అమ్మ అచ్చుకి గీకలేదు, అమ్మకి నంబరేమిటి, అమ్మ నోరు తనకి తెలీదా. అదే వారంలో లెక్కల పంతులమ్మగారి అచ్చు మొదటిసారి పోసినప్పుడు గాలి బుడగ వచ్చింది, పారేద్దామని పక్కన పెట్టాడు, పారేసేదానికి నంబరెందుకని దానికీ గీకలేదు, ఆవిడకి రెండోది పోశాడు. నంబరు లేనివి రెండు, పక్కపక్కన. చెయ్యి చాపి ఒకటి తీసుకున్నాడు. అంతే జరిగింది. చెయ్యి ఒక జానెడు అటు పడి ఉంటే అమ్మ మూడేళ్ళు వేడి అన్నం తినేది. పంతులమ్మగారు ఇప్పటికీ వీధిలో ఆపి మరీ చెప్తారు, "నువ్వు చల్లగా ఉండాలి నాయనా, వేరుశనగలు కూడా నములుతున్నాను" అని. నమిలి చూపిస్తారు కూడా. అతను తల ఊపి గబగబా నడుస్తాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఆమెకి కూడా. ఆ అచ్చు ఇప్పుడు బల్ల సొరుగులో గుడ్డలో చుట్టి ఉంది, పారెయ్యలేడు, చూడనూలేడు.

పిడుగు అతని మెడ మీద గోళ్ళతో గీరాడు. గడియారం అయిదు చూపిస్తోంది. ఆమె అయిదున్నరకి వస్తుంది. అతను వాణ్ణి చంకన పెట్టుకునే చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాడు, మూడోసారి కూడా కడిగాడు, కడగడం వాయిదా వెయ్యడానికేనని తనకీ తెలుసు, తర్వాత బల్ల ముందు కుర్చీలో కూర్చుని వాణ్ణి ఒళ్ళో వెనక్కి వాల్చి దీపం ఇటు తిప్పాడు. వాడు నోరు తెరిచే ఉన్నాడు, ఆకాశమంత తెరిచి ఏడుస్తున్నాడు, వేలు పెట్టడమే ఆలస్యం. పెదవి దాకా తీసుకెళ్ళాడు. లోపలి వెచ్చదనం వేలి కొనకి తగిలింది. అక్కడితో చెయ్యి ఆగిపోయింది, లోపల ఎక్కడో ఒక పుండు తన వేలి కోసం ఎదురుచూస్తూ ఉంది, తాకితే ఇదీ తను చేసిందే అవుతుంది. చేత్తో వాడి దవడ నొక్కి పట్టుకుంటే వాడు పెదాలు బిగించేశాడు. నొక్కినకొద్దీ బిగించాడు. చెక్క పుల్లతో డాక్టరు, మందుతో వాళ్ళమ్మ, ఇప్పుడు తను, నెల రోజులుగా వీడికి నోరంటే ఎవరో పట్టుకుని నొక్కే చోటు అయిపోయింది. అతను చెయ్యి వదిలేశాడు.

వదిలేసి వాణ్ణి నేల మీదికి దించాడు. తనూ పక్కనే గచ్చు మీద పడుకున్నాడు, ప్లాస్టరు దుమ్ములో, ఇంక లేచి నడిచే ఓపిక లేదు. మొహానికి మొహం జానెడు దూరం. వాడి కళ్ళలో నీళ్ళు ముక్కు మీదుగా అడ్డంగా కారుతున్నాయి. నేల చల్లగా ఉందేమో వాడు కుడి చెంప దానికి ఆనించి గుక్కలు పడుతున్నాడు. ఏం లేదు అనబోయాడు, అలవాటు. నోరు తెరిచాక ఆ మాట రాలేదు. "నొప్పిగా ఉంది కదరా" అన్నాడు. వాడు వెక్కిళ్ళ మధ్య అతన్ని చూశాడు. "చాలా నొప్పి. నాకు తెలుసు. చాలా నొప్పి." ఇరవై నెలల వాడికి ఏం అర్థమవుతుంది, అయినా అన్నాడు, "ఎక్కడ నాన్నా? చూపించు. ఎక్కడ?"

వాడికి ముక్కెక్కడ అంటే ముక్కు చూపించడం వచ్చు, చెవెక్కడ అంటే చెవి, కాకి ఎక్కడ అంటే కిటికీ. నెల రోజుల్లో ఎవరూ వాణ్ణి నొప్పి ఎక్కడ అని అడగలేదు. పిడుగు వెక్కుతూనే రెండు చేతులూ చాపి అతని చూపుడు వేలు పట్టుకున్నాడు. లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. కుడి వైపు కాదు. నాలుక మీదుగా ఎడమ వైపుకి, ఇంకా వెనక్కి, గొంతు దగ్గర దాకా తోసి, అక్కడ ఆపాడు. అతని వేలికి పొంగిన చిగురు తగిలింది, బిగదీసిన డోలు లాగా గట్టిగా, వేడిగా, దాని మధ్యలో పన్ను మొన ఒకటి పైకొచ్చి ఉంది, రెండోది తోలు కిందే ఉండిపోయి రానంటోంది. కుడి వైపు వేలు తిప్పి చూశాడు, అక్కడి దవడ పన్ను ఎప్పుడో వచ్చేసి హాయిగా ఉంది. నొప్పి లేని వైపు కాబట్టే వీడు అటు నమిలాడు, అటే ఒత్తిగిలి పడుకున్నాడు, అందుకే ఆ బుగ్గ ఎర్రబడింది. అరిగిన వైపు మంచి వైపు, నొప్పి ఎప్పుడూ అరగని వైపు ఉంటుంది, ఆ మాట కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటి రోజు చెప్పేది తనే. ముప్పై రోజులు, రోజుకు నాలుగుసార్లు, నొప్పి లేని వైపు మందు రాశారు. పిడుగు అతని వేలిని మళ్ళీ ఎడమ వైపుకే లాగి, ఆ చిగురు మీద ఆనించి, ఉన్న బలమంతా పెట్టి కొరికాడు. కళ్ళముందు మెరుపులు మెరిశాయి. అతను వేలు తియ్యలేదు. కొరుకు నాన్నా, కొరుకు. వాడు ఆగి ఆగి కొరుకుతూ, ముక్కుతో ఊపిరి తీస్తూ, మెల్లగా ఏడుపు ఆపేశాడు. నెల రోజుల తర్వాత ఆ గదిలో చప్పుడు లేదు, అసలు ఏ చప్పుడూ లేదు.

ముందు గదిలో తాళం తిరిగింది. ఆమె సంచి కూడా దించకుండా పని గది గుమ్మం దాకా వచ్చి, నేల మీద తండ్రీ కొడుకుల్ని చూసి నిలబడిపోయింది, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే భయపడింది కాబోలు, మొహంలో రక్తం లేదు.

"ఎడమ వైపు" అన్నాడు అతను, పడుకునే. "మనం రాసిందంతా కుడి వైపు. పన్ను సగం వచ్చి ఆగింది. ఆసుపత్రి అక్కర్లేదు, ఇంకో రెండు మూడు రోజులు."

"ఎలా తెలిసింది?"

"అడిగాను. చూపించాడు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వాడి నుదురు తాకింది, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంది, నవ్వింది కూడా. అతను అక్కడితో ఆపి ఉండొచ్చు. వేలు ఇంకా వాడి పళ్ళ మధ్యే ఉంది, చేతి మీదుగా భుజం దాకా సలుపుతోంది, ఆ నొప్పి మాటని బయటికి తోసేసింది.

"అమ్మని అడగలేదు" అన్నాడు. "మూడేళ్ళు. నేను చేసిన కింది సెట్టు అమ్మది కాదు, ఇంకొకళ్ళ అచ్చు మీద చేశాను. చూసుకోలేదు. అమ్మ పోయాక తెలిసింది. ఎక్కడ నొప్పమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు."

ఆమె వాడి జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. "అచ్చు సంగతి నాకు తెలీదు" అంది చివరికి. "నొప్పి సంగతి తెలుసు. నేను అడిగాను. మీరు పనిలో ఉన్నప్పుడు రోజూ మందు రాసేదాన్ని. మీకు చెప్పొద్దని చెయ్యి పట్టుకుంది అత్తయ్య. వాడు చేసిన పళ్ళే తల్లీ, తెలిస్తే వాడు ఇంకెప్పుడూ పళ్ళు చెయ్యలేడు అంది."

అతను కళ్ళు మూసుకున్నాడు. పిడుగు నిద్రలోకి జారుతూ ఇంకోసారి కొరికాడు.

"ఎక్కడ?" అన్నాడు. "ఎక్కడ నొప్పి అనేది?"

ఆమె అతని రెండో చెయ్యి తీసుకుంది. చూపుడు వేలు విడదీసి తన దవడ మీద, పెదవి కింద, కుడి వైపు ఆనించింది. "ముందు ఇక్కడ" అంది. కాస్త పక్కకి జరిపింది. "తర్వాత ఇక్కడ." ఇంకా జరిపి, చెవి దాకా తీసుకెళ్ళి, అక్కడ ఆపింది. "చివరి ఏడాది ఇక్కడంతా."